చూసిరమ్మన్న స్వామి

గద్దలకొండ మలుపు దగ్గర బస్సు నెమ్మదించగానే కండక్టరు "చూసిరమ్మన్న గుడివాళ్లు దిగండి" అంటాడు. మొదటిసారి వచ్చినవారు ఎవరు ఎవరిని చూసిరమ్మన్నారో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రోడ్డు పక్కన బోర్డు మీద మాత్రం "శ్రీ వీక్షణేశ్వర స్వామివారి దేవస్థానం" అని ఉంటుంది. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గాని, ఆ పేరుతో దారి అడిగితే ఊళ్లో చెప్పేవాడు దొరకడు. చూసిరమ్మన్న అనండి, ఎవరైనా వెంటబెట్టుకుని తీసుకువస్తారు.

గుడి చిన్నది. గాలిగోపురం లేదు. కొండచరియను ఆనుకుని నల్లరాతి పలకలతో కట్టారు. గర్భాలయ ద్వారం ఊరివైపు కాక కొండవైపు ఉండటం వల్ల లోపల కూర్చున్న స్వామికి ఎదురుగా రాతిగోడ తప్ప మరేమీ కనబడదు. ఎండ లోపలికి రాదు, వానజల్లు కొట్టదు. ఇలా ఎందుకు కట్టారని వాస్తు తెలిసిన భక్తులు ఏటేటా అడుగుతూనే ఉంటారు. కట్టినవారు ఇప్పుడు లేరు గనుక ఉన్నది ఉన్నట్టుగా దండం పెట్టుకోవడమే మంచిదని మా మనవి.

పెళ్లి కోసమో సంతానం కోసమో ఇక్కడికి వచ్చేవారు తక్కువ. జపమాల తిరుగుతున్నా లోపల ఏమీ కదలనివారు వస్తారు. ఏళ్ల తరబడి చదివిన స్తోత్రం ఒకనాడు ఉత్త చప్పుడులా వినబడి భయపడినవారు వస్తారు. అలాంటివారు ఇంతమంది ఉన్నారని ఈ గుడి సేవలో చేరిన తరువాతే నాకు తెలిసింది. జ్వరం వస్తే నలుగురికీ చెప్పుకుంటాం గాని, దేవుడి మీద మనసు నిలవడం లేదని చెప్పుకోవడానికి సిగ్గు. ఆ సిగ్గుతోనే చాలామంది మెట్ల దగ్గర చాలాసేపు నిలబడిపోతారు.

పూర్వం ఇక్కడ కొమ్మనభట్టు అనే అర్చకుడు ఉండేవాడు. తండ్రి తరువాత స్వామి సేవ అతనికి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు మారేడుదళాన్ని లింగం మీద పసిబిడ్డ నుదుట బొట్టు పెట్టినట్టు ఉంచేవాడట. అభిషేకం చేస్తూ ఒక్కొక్కసారి కంటతడి పెట్టుకునేవాడు. అలాంటివాడు క్రమంగా ఎండిపోయాడు.

ఎందుకు ఎండిపోయాడని అడిగేవారికి మా ఊళ్లో కొందరు రకరకాల కథలు అల్లి చెబుతారు. బిడ్డ పోయిందంటారు, ఎవరో శపించారంటారు. అవేవీ నమ్మకండి. అతని ఇల్లు చల్లగానే ఉంది, భార్య లక్కమ ఉత్తమురాలు, గాదెలో గింజలకు లోటు లేదు. ఊరికే ఎండిపోయాడు. మనిషి అలా ఎండిపోవడానికి పెద్ద కారణం అక్కరలేదు. ఇందులో భయపడవలసిన సంగతి కూడా అదే.

అతను ఒక్క పూట కూడా పూజ మానలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మానివుంటే ఎవరో ఒకరు పట్టుకుని నిలదీసేవారు. వేళకు గుడి తెరిచేవాడు, వేళకు నైవేద్యం పెట్టేవాడు. చేతులు లింగాన్ని కడుగుతుంటే మనసు పెరట్లో వంకాయ మొక్కల చుట్టూ తిరిగేది. అతనికి తన సంగతి తెలుసు. ఉపవాసాలు చేశాడు, జపం రెట్టింపు చేశాడు. ఎండిన బావిలోకి ఒక చేదకు బదులు రెండు చేదలు దింపినట్టయింది గాని చుక్క నీరు పైకి రాలేదు. లక్కమ కనిపెట్టి ఒంట్లో నలతగా ఉందా అని అడిగితే బాగానే ఉందని చెప్పి తప్పించుకునేవాడు.

పూజకు ముందు సంకల్పం చెబుతారని అందరికీ తెలుసు. ఇది ఏ సంవత్సరమో, ఏ అయనమో, ఏ ఋతువో, ఏ మాసమో, ఏ తిథో స్వామికి విన్నవించుకుని, ఆ తరువాత ఫలానా గోత్రం, ఫలానా పేరు గలవాడు పూజిస్తున్నాడని చెబుతారు. మనం మన గోత్రం వచ్చేదాకా వినం. పేరు చెవిన పడగానే కళ్లకద్దుకుని మళ్లీ పక్కవారితో కబుర్లలో పడతాం. కోపం తెచ్చుకోకండి, రోజూ కళ్లారా చూస్తున్న మాటే చెబుతున్నాను.

ఆ ఏడు జ్యేష్ఠ మాసంలో ఒకనాడు కొమ్మనభట్టు నాలుక ఆగిపోయింది. మూగబోలేదు సుమా. "ఉత్తరాయణే, గ్రీష్మ ఋతౌ, జ్యేష్ఠ మాసే, శుక్ల పక్షే, దశమ్యాం" అని ఆ రోజు చెప్పినవాడు మరునాడూ అదే చెప్పాడు. ఆ మరునాడూ అదే. దశమి వెళ్లింది, పున్నమి వెళ్లింది, ఆషాఢం వచ్చింది. అతని నోట మాత్రం జ్యేష్ఠ శుద్ధ దశమి దాటలేదు. విన్నవారికి సంస్కృతం రాదు. వచ్చినవాడు తన మాట తాను వినడం లేదు.

సర్వజ్ఞుడైన స్వామికి ఏ నెలో తెలియదా అని అడిగే తెలివైనవారు ఉంటారు. తెలుసు. పొద్దున్నే చద్ది పెట్టి పంపిన తల్లి కూడా సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే తిన్నావా అని అడుగుతుంది. అడిగి చెప్పించుకోవడం ఆయనకు ఇష్టం. చెప్పినదాన్ని నమ్మడం ఆయన స్వభావం. ఆయన అర్చకుడి మాట నమ్మాడు.

మృగశిర కురిస్తే ముంగిళ్లు చల్లబడతాయంటారు. ఆ ఏడు ముంగిళ్లు చల్లబడలేదు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదంటారు. ఆరుద్ర కార్తె కూడా ఒట్టిదే పోయింది. విడ్డూరమేమంటే, కొండ అవతలి ఊళ్లలో చెరువులు నిండాయి, నాట్లు పడ్డాయి. మబ్బు ఈ ఊరి పొలిమేర దాకా వచ్చి, వాకిట్లో ఎవరో వద్దన్నట్టు వెనక్కి తిరిగేది. శ్రావణం వచ్చినా వడగాలి తగ్గలేదు. పశువులు దొడ్లలో కూలబడ్డాయి. బావులన్నీ ఎండిపోయి, ఊరిపెద్ద బసివిరెడ్డి బావిలో మాత్రమే అడుగున కాసిని నీళ్లు మిగిలాయి. ఇంటికి ఇన్నని కొలిచి పోసుకుంటున్నా అవీ అడుగంటుతున్నాయి.

అప్పుడు ఊరంతా కూడి ఒక నిర్ణయానికి వచ్చింది. గర్భాలయం గుమ్మానికి మట్టికట్ట వేసి, లింగం మునిగేదాకా నీరు నింపితే, ఊపిరాడని స్వామి వాన కురిపిస్తాడని పెద్దల నమ్మకం. దానికి సహస్ర ఘటాభిషేకమని పేరు. బావిలో మిగిలిన నీళ్లన్నీ తోడి స్వామికి పోసేయాలి. వాన పడితే ఊరు నిలుస్తుంది. పడకపోతే ఆ సాయంత్రమే బండ్లు కట్టుకుని ఎవరి దారిన వారు పోవాలి. తాగడానికి గుక్కెడు నీళ్లు కూడా మిగలవు గనుక ముసలివారు, చంటిపిల్లలు దారిలో ఏమవుతారో అందరికీ తెలుసు.

ఈ మాట చెవిన పడగానే కొమ్మనభట్టు బసివిరెడ్డి ఇంటికి వెళ్లి, ఇంత పెద్ద కార్యం తన చేత కాదని, కొండ అవతలి నుంచి మరొక అర్చకుణ్ణి పిలిపించమని ప్రాధేయపడ్డాడు. ఎందుకని రెడ్డి అడిగితే చెప్పలేకపోయాడు. నా మంత్రంలో ప్రాణం లేదని ఏ అర్చకుడు చెప్పగలడు?

బసివిరెడ్డి అతని చేతులు పట్టుకున్నాడు. "అయ్యవారూ, మా తాతల నాటి నుంచి ఈ స్వామికి మీ ఇంటివారి చేతి నీళ్లే అలవాటు. ఇప్పుడు కొత్త చేయి ఎక్కడి నుంచి తెచ్చేది? మాకు మిగిలిన నీళ్లన్నీ తెచ్చి మీ చేతుల్లో పోస్తాం. ఆపైన మీ దయ."

ఆ మాటతో కొమ్మనభట్టు, నీళ్లు వృథా అవుతాయని తెలిసీ సరేనని తల ఊపి ఇంటికి వచ్చాడు. తన ఒక్కడి బోలుతనానికి ఊరంతా బలి కాబోతోందని అతనికి తెలుసు.

కార్యం రోజున పొద్దెక్కేసరికి గుడి ముందు బిందెలు బారులు తీరాయి. పేరుకు సహస్రమే గాని ఊరంతా గాలించినా అన్ని బిందెల నీళ్లు ఎక్కడివి? పక్కనే సామాను కట్టిన బండ్లు నిలిచి ఉన్నాయి. పిల్లలు బిందెల దగ్గరికి పాకబోతే తల్లులు వెనక్కి లాగుతున్నారు. నీళ్లు ఎదురుగా ఉండగా దాహంతో ఏడ్చే పిల్లల ఏడుపు వినలేక మగవాళ్లు దూరంగా వెళ్లి నిలబడ్డారు.

కట్ట వేయడం పూర్తయ్యేదాకా కొమ్మనభట్టు మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఉపవాసపు నీరసానికి కన్ను మూతపడింది. ఆ కునుకులో గర్భాలయం లోపలి నుంచి ఎవరో పలకరించినట్టయింది.

"కొమ్మనా, బయట ఎలా ఉందిరా?"

కలలో కూడా అతని నాలుక అలవాటు తప్పలేదు. గ్రీష్మ ఋతౌ, జ్యేష్ఠ మాసే అంది.

"రోజూ ఇదే చెబుతున్నావు. నువ్వు ఎండాకాలమన్నావని నేను ఎండే కాయిస్తున్నాను. ఒకసారి చూసి రా."

ఉలిక్కిపడి లేచాడు. కట్ట పూర్తయిందని, రమ్మని బసివిరెడ్డి పిలుస్తున్నాడు. కల అర్థమయీ కాకుండానే లోపలికి వెళ్లి కూర్చున్నాడు. గుమ్మం దగ్గర మొదటి బిందె ఎత్తి పట్టుకున్నారు. ఆచమనం చేశాడు. సంకల్పం మొదలుపెట్టాడు. జాగ్రత్తగా చెప్పాలనుకుంటూనే ఉన్నాడు. నాలుక అతని కోసం ఆగలేదు. "ఉత్తరాయణే, గ్రీష్మ ఋతౌ, జ్యేష్ఠ మాసే..."

తన గొంతు తనకు వినబడింది. ఎన్నాళ్లకో వినబడింది.

బిందె వంచబోతున్నవారిని రెండు చేతులూ చాచి ఆపాడు. నీళ్లు పోయవద్దని, తాను ఒకసారి బయట చూసి రావాలని అన్నాడు. జనం మండిపడ్డారు. సంకల్పం నడుమ పీట మీద నుంచి లేచిన అర్చకుణ్ణి ఎవరూ చూసి ఉండలేదు. పారిపోతున్నాడనుకుని ఒకడు ఉత్తరీయం పట్టుకుని లాగాడు. అది వాడి చేతిలోనే ఉండిపోయింది. బయట ఏముందయ్యా, మా బండ్లు ఉన్నాయి అని బసివిరెడ్డి అడ్డం నిలిచాడు. వాటినే చూడాలని కొమ్మనభట్టు అతన్ని తప్పించుకుని వాకిట్లోకి వచ్చాడు.

రోజూ నడిచే వాకిలే అది. ఆ రోజు దాన్ని చూశాడు. నెర్రెలిచ్చిన పొలాలు చూశాడు. కాడి మోయలేక మెడ వాల్చిన ఎడ్లను చూశాడు. బండి మీద మంచం, మంచం మీద ముసలమ్మ, ఆమె ఒడిలో ఇంటి దీపపు కుందె చూశాడు. బిందెల వరుస చివర తమ ఇంటి బిందె పట్టుకుని లక్కమ నిలబడి ఉంది. ఆమె పెదవులు చిట్లి నెత్తురు చారలు కట్టాయి. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్లూ ఆ ముఖం చూడలేదని తెలిసి అతను సిగ్గుతో చితికిపోయాడు.

లోపలికి వెళ్లి లింగం ముందు చతికిలబడ్డాడు. మంత్రం చదవలేదు. మన మాటల్లోనే చెప్పాడు.

"స్వామీ, ఇది శ్రావణం. వానలు కురవవలసిన నెల. కురవలేదు. నేను ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పాను. ఎడ్లు లేవలేకపోతున్నాయి. రంగసాని అవ్వ దీపపు కుందె ఒడిలో పెట్టుకుని ఊరు విడిచిపోవడానికి బండెక్కింది. నా భార్య పెదవులు పగిలాయి. నేను చూడలేదు."

చెప్పి లేచి మళ్లీ బయటకు వచ్చాడు. గోడ వెంట చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతున్నాయి. వెళ్లి ఆ సంగతి చెప్పాడు. మళ్లీ వచ్చాడు. ఆకు కదిలింది. అదీ చెప్పాడు. అయ్యవారికి మతి చలించిందని జనంలో కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. పొద్దు నడినెత్తి దాటింది. నీళ్లు బిందెల్లోనే వేడెక్కుతున్నాయి. బసివిరెడ్డికి ఓర్పు నశించింది. అర్చకుడు ఉన్నా లేకపోయినా సరే, నీళ్లు పోయండి అని కేక వేశాడు.

అంతలో లక్కమ తన బిందె దించింది. పక్కనే సొమ్మసిల్లిన తల్లి చంకలో ఒక పసిబిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి ఉంది. లక్కమ దోసిట్లో నీళ్లు తీసి ఆ బిడ్డకు తాగించింది. తరువాత ఆ తల్లికి తాగించింది. స్వామికి ఎత్తిన నీళ్లు అవి. ఆమె గుమ్మంవైపు తిరిగి, "ఏమండీ, ఇది కూడా స్వామికి చెప్పండి" అంది.

కొమ్మనభట్టు లోపలికి వెళ్లాడు. "మా ఇంటి బిందె నీకు రాదు స్వామీ. ఒక బిడ్డ తాగింది" అన్నాడు. ఏళ్లుగా రాని ఏడుపు కడుపులోంచి తన్నుకొచ్చింది. ఆ ఏడుపు బయటివరకూ వినబడింది. బిందెలు ఎత్తినవారు ఒక్కొక్కరే దించారు. ఎవరి బిడ్డలకు వారు నీళ్లు పట్టారు. కట్టకు పోసిన మట్టి మీద ఒక్క చుక్క పడలేదు.

ఇక ఊరికి మిగిలింది ఏమీ లేదు. బండ్లెక్కి పోవడమో, నిలబడి చూడటమో. నిలబడి చూశారు. ఎన్నడూ పైకి తలెత్తనివారు కూడా ఆకాశం కేసి చూశారు. కాసేపటికి బసివిరెడ్డి గుమ్మం దగ్గరికి వచ్చి, కొండ నెత్తి కనబడటం లేదయ్యా, మబ్బు దిగింది అన్నాడు. అర్చకుడు తల తిప్పకుండానే, నాకు కాదు, స్వామికి చెప్పండి అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన తరువాత దేవుడితో దండం తప్ప మాట ఎరగని బసివిరెడ్డి, తలపాగా తీసి చంకన పెట్టుకుని, ఊరిపెద్ద గొంతు కాని గొంతుతో, "మబ్బు దిగింది తండ్రీ" అన్నాడు.

కొమ్మనభట్టు కళ్లు తుడుచుకుని పీట మీద సర్దుకున్నాడు. ఒక్కొక్క మాటా చూసుకుని చెప్పాడు. దక్షిణాయనే. వర్ష ఋతౌ. శ్రావణ మాసే.

పలకల కప్పు మీద చప్పుడు మొదలైంది. లోపలి స్వామికి అది ఏమిటో తెలియదు గదా, చూసి రావాలి. లేచి బయటకు వెళ్లాడు. జనం అరుస్తున్నారు, నవ్వుతున్నారు, బండ్ల మీది సామాను తడిసిపోతున్నా ఎవరికీ పట్టలేదు. కొమ్మనభట్టు ఆ వానలో జుట్టుముడి విడిపోయేదాకా నిలబడ్డాడు. తిరిగి లోపలికి వచ్చి చెప్పబోయాడు. మాటకు బదులు లింగం మీదికి తల వంచాడు. జుట్టు నుంచి కారిన నీళ్లే ఆ రోజు స్వామికి అభిషేకమయ్యాయి.

నేటికీ ఈ క్షేత్రంలో తొలివాన పడిన రోజున అర్చకులు వానలో తడిసి వచ్చి, తల వంచి అభిషేకం చేస్తారు. వేరే తీర్థం వాడరు. రోజూ ఉదయం తలుపు తీసే ముందు వాకిట్లో నిలబడి చుట్టూ చూసి, చూసిన సంగతి ముందు తెలుగులో చెప్పి, ఆ తరువాతే సంస్కృతంలో సంకల్పం చెబుతారు. పూజ చేయించుకోవడానికి వచ్చిన భక్తుణ్ణి గోత్రం అడగరు. బయట ఎలా ఉందని అడుగుతారు. బాగుంది అంటే కుదరదు, మళ్లీ వెళ్లి చూసి రమ్మంటారు. ముందు వెళ్లినవాడు చెప్పింది చెప్పకూడదు. ఈమధ్య కొందరు సెల్ ఫోను తీసి ఎండ ఇంత, గాలి ఇంత అని చదువుతున్నారు. అదీ చెల్లదు. ఏమీ కనబడలేదని నిజం చెప్పుకున్నవారిని స్వామి కోప్పడినట్టు ఇంతవరకు దాఖలా లేదు. వారిని కూడా మళ్లీ పంపుతారు.

ఇలా చూసి వచ్చి చెప్పుకున్నవారికి ఎండిన మనసు చెమరుస్తుందని, ఆగిన జపం సాగుతుందని, ఇంట్లోవారి ముఖాలు తేటగా కనబడతాయని పెద్దలు చెబుతారు. మీకూ అంతటి మేలు జరగాలని స్వామిని వేడుకుంటున్నాం.

మొన్నటి వైశాఖంలో ఒక వేదపాఠశాల గురువుగారు వచ్చారు. పెద్దవారు, ఘనాపాఠి. అర్చకులు అడిగిన ప్రతిసారీ బయటకు వెళ్లి వచ్చి, ఎండగా ఉందని, జనం ఉన్నారని చెప్పారు. మళ్లీ చూసి రమ్మన్నారు. ఆయనకు కోపం వచ్చింది, ముఖం జేవురించింది. వెళ్లిపోదామని చెప్పులు విడిచిన చోటికి వెళ్లినవారు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. తరువాత నెమ్మదిగా తిరిగి వచ్చి గుమ్మం పట్టుకున్నారు.

"నా చెప్పులు ఎండలో విడిచాను స్వామీ. ఎవరో నీడలోకి జరిపి పెట్టారు" అన్నారు. అర్చకులు గంట కొట్టి సంకల్పం మొదలుపెట్టారు.